కొబ్బరినూనెలో మైనం కలిపారా?

డిసెంబర్‌లో అమ్మ నెల్లూరు నుంచి బెంగళూరు వచ్చింది. రెండో రోజు పొద్దున్నే తలకు రాసుకుందామని కొబ్బరినూనె సీసా తీసి అరచేతిలోకి వంచింది. ఒక్క చుక్క రాలేదు. సీసా నిండా తెల్లగా, గట్టిగా పేరుకుని ఉంది. "ఏందబ్బాయ్ ఇది? మీ ఊళ్లో మైనం కలిపి అమ్ముతున్నారా?" అంది. మా వైపు కొబ్బరినూనె ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లలా కదులుతూనే ఉంటుంది. ఆమెకు అనుమానం రావడంలో ఆశ్చర్యం లేదు.

నేను ఇక్కడ ఒక పీయూ కాలేజీలో, అంటే మన ఇంటర్ కాలేజీ లాంటిదే, కెమిస్ట్రీ చెబుతాను. "చలికి గడ్డకట్టిందిలేమ్మా" అని ఊరుకోవచ్చు. ఊరుకోబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆమె అడిగింది మంచి ప్రశ్న. కొబ్బరినూనె, మైనం రెండూ తెల్లగా గడ్డకడతాయి, రెండూ జిడ్డుగా ఉంటాయి, రెండూ నీళ్లలో కలవవు. మరి తేడా ఎక్కడుంది? మా పిల్లలు పరీక్షల్లో ఆల్కహాల్ పాఠం ఒకచోట, ఎస్టర్లు ఇంకోచోట, కొవ్వులు మరెక్కడో చదువుతారు. చర్యలన్నీ బట్టీ పడతారు. ఈ మూడూ ఒకే కథలోని ముక్కలని మాత్రం చాలామందికి కాలేజీ దాటినా తెలియదు. అమ్మ సీసా ఆ కథకు సరైన మొదలు.

ముందు మాట దగ్గరే చిక్కు ఉంది. 'నూనె' అంటే అసలు నువ్వుల నెయ్యి అని అర్థం చెబుతారు. 'తైలం' కూడా తిలల నుంచి, అంటే నువ్వుల నుంచే వచ్చింది. తర్వాత తర్వాత జిడ్డుగా కనిపించిన ప్రతిదాన్నీ నూనె అనేశాం. వేరుశనగ నూనె, చందనం నూనె, బండిలో పోసే ఇంజిన్ ఆయిల్, ఒకప్పటి కిరసనాయిలు, అన్నిటికీ అదే మాట. కెమిస్ట్రీ కంటికి ఇవి ఒక కుటుంబం కాదు, మూడు వేరు వేరు కుటుంబాలు. విడదీయడానికి ఒక్క ప్రశ్న చాలు: అణువులో ఆక్సిజన్ ఎక్కడుంది?

కిరసనాయిల్లో, ఇంజిన్ ఆయిల్లో, కొవ్వొత్తి మైనంలో ఆక్సిజన్ ఉండదు. కార్బన్ పరమాణువులు గొలుసులా వరుసకట్టి, చుట్టూ హైడ్రోజన్లు అతుక్కుని ఉంటాయి, అంతే. గొలుసు పొట్టిగా ఉంటే వంటగ్యాస్, కొంచెం పొడుగైతే పెట్రోలు, ఇంకా పొడుగైతే కిరసనాయిలు, బాగా పొడుగైతే మైనం. చందనం నూనెలో ఆక్సిజన్ ఉంది, అది పక్కన ఒక హైడ్రోజన్‌ను పట్టుకుని ఉంటుంది. ఈ ఆక్సిజన్–హైడ్రోజన్ జంటను ఓహెచ్ అంటాం. అది కార్బన్ గొలుసుకు తగిలితే వచ్చేదే ఆల్కహాల్. ఇక కొబ్బరినూనె, నువ్వులనూనె, నెయ్యి లాంటి వాటిలో ఆక్సిజన్ ఒక యాసిడ్ ముక్కకూ ఒక ఆల్కహాల్ ముక్కకూ మధ్య వంతెనలా ఉంటుంది. దాన్ని ఎస్టర్ అంటాం.

అవును, చందనం నూనె ఎక్కువ భాగం ఆల్కహాలే. మంచి మైసూరు చందనం నూనెలో 90 శాతం దాకా శాంటలాల్ అనే ఆల్కహాళ్లు ఉంటాయి. మా పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడల్లా నవ్వుతారు, ఆల్కహాల్ అంటే సీసాలో ఉండే మందు ఒక్కటే అని వాళ్ల లెక్క కాబట్టి. నిజానికి ఇథనాల్ అనే ఆ ఒక్కటి పెద్ద కుటుంబంలో ఒక సభ్యుడు మాత్రమే. తలనొప్పి బామ్‌లో చల్లగా తగిలే మెంథాల్ ఆల్కహాల్. దగ్గు మందులో తియ్యగా ఉండే గ్లిసరాల్ ఆల్కహాల్. అందరూ భయపడే కొలెస్ట్రాల్ కూడా నిర్మాణం ప్రకారం ఆల్కహాలే. పేరు చివర 'ఆల్' అని వినిపిస్తే అక్కడ ఓహెచ్ ఉండొచ్చని చాలావరకు అనుకోవచ్చు. నూటికి నూరు పాళ్లు మాత్రం కాదు. నీలగిరి తైలంలోని యూకలిప్టాల్‌కు పేరే అలా ఉంది, అణువులో ఓహెచ్ లేదు.

చెయ్యి పట్టుకునే అణువులు

ఓహెచ్ చేసే పని ఏమిటో చూడాలంటే రెండు పదార్థాలను పక్కపక్కన పెట్టాలి. వంటగ్యాస్ సిలిండర్లో ఉండే ప్రొపేన్, శానిటైజర్‌లో ఉండే ఇథనాల్. రెండు అణువుల బరువూ దాదాపు ఒకటే, ఒకటి 44, రెండోది 46. కానీ ప్రొపేన్ సున్నాకు 42 డిగ్రీల కిందే మరిగి గ్యాస్ అయిపోతుంది. ఇథనాల్ మరగాలంటే 78 డిగ్రీలు కావాలి. 120 డిగ్రీల తేడా! కారణం ఆ ఓహెచ్. ఒక అణువులోని హైడ్రోజన్ పక్క అణువులోని ఆక్సిజన్ వైపు గట్టిగా మొగ్గుతుంది. తిరునాళ్లలో పిల్లలంతా చేతులు పట్టుకుని నడుస్తుంటే ఒకణ్ని పక్కకు లాగడం కష్టం కదా, అలాగే. దీన్నే హైడ్రోజన్ బంధం అంటారు. గ్లిసరాల్‌కు అలాంటి చేతులు మూడున్నాయి. అందుకే అది తేనెలా చిక్కగా ఉంటుంది, మరగడానికి 290 డిగ్రీలు కావాలి.

నీటికి కూడా ఇదే స్వభావం. కాబట్టి ఇథనాల్, గ్లిసరాల్ నీళ్లలో ఎంత పోస్తే అంత కలిసిపోతాయి. కానీ కార్బన్ గొలుసు పొడుగయ్యేకొద్దీ ఆ ఒక్క ఓహెచ్ మాట చెల్లదు. పదహారు కార్బన్ల సెటైల్ ఆల్కహాల్ నీళ్లలో కలవదు సరికదా, చేత్తో పట్టుకుంటే మైనంలా ఉంటుంది, 49 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఒంటికి రాసుకునే క్రీముల మీద ముందువైపు 'ఆల్కహాల్ ఫ్రీ' అని, వెనకవైపు చిన్న అక్షరాల్లో సెటైల్ ఆల్కహాల్ అని ఉంటే కంగారు పడక్కర్లేదు. చర్మాన్ని ఎండగట్టేది ఇథనాల్ లాంటి చిన్న ఆల్కహాల్. సెటైల్ ఆల్కహాల్ చర్మాన్ని మెత్తగా ఉంచడానికే వేస్తారు.

గొలుసులో ఒక్క కార్బన్ తేడా ఎంత చేస్తుందో ఈ ఊరికి బాగా తెలుసు. ఇథనాల్‌కు రెండు కార్బన్లు, మిథనాల్‌కు ఒకటే. రెండూ రంగు లేని ద్రవాలు, వాసనతో విడదీయడం కూడా కష్టం. 1981 జూలైలో బెంగళూరులో మిథనాల్ కలిసిన సారా తాగి మూడు వందల మందికి పైగా చనిపోయారు. 2008 మేలో మళ్లీ ఇక్కడా, పక్కనున్న తమిళనాడు జిల్లాల్లోనూ కలిపి వంద మందికి పైగా పోయారు. లివర్‌లో ఒక ఎంజైమ్ ఈ రెండు ఆల్కహాళ్లనూ ఒకే పద్ధతిలో మారుస్తుంది. ఇథనాల్ నుంచి చివరికి వచ్చేది ఎసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్‌లో ఉండేది. మిథనాల్ నుంచి ఫార్మాల్డిహైడ్, ఆ తర్వాత ఫార్మిక్ యాసిడ్ వస్తాయి. ఫార్మిక్ యాసిడ్ కణాలకు ఊపిరాడకుండా చేస్తుంది, చూపు నరాన్ని ముందుగా దెబ్బతీస్తుంది. బతికి బయటపడ్డవాళ్లలో కొందరు చూపు పోగొట్టుకునేది అందుకే. ఆ ఎంజైమ్ మిథనాల్ జోలికి పోకుండా అడ్డుకోవడమే ఆసుపత్రిలో చేసే చికిత్సలో ముఖ్యమైన భాగం. గంటలు గడిస్తే ఆ అవకాశం తగ్గిపోతుంది. అందుకే కల్తీ సారా తాగాక కళ్లు మసకబారుతున్నాయంటే తెల్లారేదాకా ఆగకూడదు.

రెండు చేతులు కలిస్తే ఒక వాసన

ఇప్పుడు ఆల్కహాల్‌కు ఒక యాసిడ్‌ను జత చేద్దాం. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ యాసిడ్, ఇథనాల్ కలిపి రెండు చుక్కల గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ వేసి వేడి చేస్తే, కాసేపటికి ల్యాబ్ అంతా పండ్ల వాసన వస్తుంది. ప్రాక్టికల్స్‌లో పిల్లలు ఎక్కువ ఇష్టపడేది ఇదే. వెనిగర్ ఘాటు పోయి, స్పిరిట్ ఘాటు పోయి, ఇథైల్ ఎసిటేట్ అనే ఎస్టర్ పుట్టింది. పక్కనే ఒక నీటి అణువు కూడా పుట్టింది. 1895లో ఎమిల్ ఫిషర్, ఆర్థర్ స్పైయర్ ఈ పద్ధతిని స్థిరపరిచారు కాబట్టి ఫిషర్ ఎస్టరీకరణ అంటారు.

బయటికి పోయే నీటిలోని ఆక్సిజన్ ఎవరిది, యాసిడ్‌దా, ఆల్కహాల్‌దా? ఓహెచ్ ఇద్దరికీ ఉంది కదా. చాలామంది ఆల్కహాల్ వైపు నుంచే పోతుందని అనుకుంటారు. 1938లో రాబర్ట్స్, యూరీ అనే ఇద్దరు మిథనాల్‌లోని ఆక్సిజన్‌కు గుర్తు పెట్టారు. మామూలు ఆక్సిజన్ బదులు కొంచెం బరువైన ఆక్సిజన్-18 ఉన్న మిథనాల్‌ను వాడారన్నమాట. చర్య అయ్యాక వెతికితే ఆ బరువైన ఆక్సిజన్ నీటిలో లేదు, ఎస్టర్‌లో ఉంది. అంటే ఆల్కహాల్ తన ఆక్సిజన్‌ను అట్టిపెట్టుకుంది, వదులుకున్నది యాసిడ్. దొంగకు తెలియకుండా నోటు మీద గుర్తు పెట్టి పట్టుకున్నంత పకడ్బందీగా ఉంటుంది ఈ ప్రయోగం. నాకు మొత్తం సిలబస్‌లో ఇంతకన్నా ఇష్టమైన ప్రయోగం లేదు.

ఎస్టర్లకు ఇంత వాసన ఎందుకు? బరువులు చూడండి. ఎసిటిక్ యాసిడ్ బరువు 60, అది 118 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఇథైల్ ఎసిటేట్ బరువు 88, అయినా 77 డిగ్రీలకే మరుగుతుంది. బరువు పెరిగింది, ఎగిరే గుణమూ పెరిగింది! ఎందుకంటే ఎస్టర్ ఏర్పడేటప్పుడు చేయి పట్టుకునే హైడ్రోజన్లు నీటితో పాటు వెళ్లిపోయాయి. ఇక ఈ అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోలేవు, తేలిగ్గా గాల్లోకి లేచి ముక్కుకు తగులుతాయి. బాగా పండిన ఏలక్కి అరటిపండు వాసనలో ఐసోఅమైల్ ఎసిటేట్ ఉంటుంది. మల్లె, జాజి పరిమళంలో బెంజైల్ ఎసిటేట్, అనాసపండు వాసనలో ఇథైల్ బ్యుటిరేట్ ఉంటాయి. బెంగళూరు గాంధీబజారులో సాయంత్రం నడిస్తే పూల బుట్టల దగ్గర, పండ్ల బండ్ల దగ్గర మనం పీల్చేది చాలావరకు ఎస్టర్లనే. నొప్పుల మందులో ఘాటుగా తగిలే మిథైల్ సాలిసిలేట్ కూడా ఎస్టరే.

అయితే కొబ్బరినూనె ఎస్టర్ అన్నాం, పల్లీనూనె ఎస్టర్ అన్నాం. వాటికి మల్లెపూల వాసన రాదేం? ఇక్కడే గ్లిసరాల్ మళ్లీ రంగంలోకి వస్తుంది. దానికి మూడు ఓహెచ్‌లు ఉన్నాయి కదా, మూడింటికీ మూడు పొడుగాటి యాసిడ్లు తగులుకుంటాయి. వాటినే ఫ్యాటీ యాసిడ్లు అంటాం. ఒక్కొక్కదాంట్లో సాధారణంగా పన్నెండు నుంచి పద్దెనిమిది కార్బన్లు ఉంటాయి. ఒక దండేనికి మూడు తడి చీరలు వేలాడుతున్నట్టు ఉంటుంది. ట్రైగ్లిజరైడ్ అనే ఆ అణువు బరువు 600 నుంచి 900 దాకా ఉంటుంది. అంత బరువుతో గాల్లోకి లేచి ముక్కుదాకా రాలేదు. శుభ్రంగా వడకట్టిన రిఫైన్డ్ నూనెకు వాసనే లేకపోవడానికి కారణం అదే. మనం నూనె వాసన అనుకునేది అందులో కొద్దికొద్దిగా కలిసి ఉన్న వేరే చిన్న అణువులది. నూనెలో, నెయ్యిలో, వెన్నలో, మన ఒంటి కొవ్వులో ఉన్నదంతా ప్రధానంగా ఈ ట్రైగ్లిజరైడే. కొవ్వుకూ నూనెకూ కెమిస్ట్రీలో గోడ లేదు. మామూలు గది వేడిలో గట్టిగా ఉంటే కొవ్వు అంటాం, కారితే నూనె అంటాం.

సరుగుడు బాదులు, తుమ్మ కొమ్మలు

మరి ఒకటి గట్టిగా, ఇంకోటి ద్రవంగా ఎందుకుంటుంది? ఇది అమ్మకు చెప్పడం తేలికైంది. మా ఊరి పక్క సముద్రం వైపు సరుగుడు తోటలున్నాయి. సరుగుడు బాదులు నిటారుగా ఉంటాయి, పక్కపక్కన పేర్చి తాడేస్తే మోపు బిగువుగా కూర్చుంటుంది. తుమ్మ కొమ్మలను అలా కట్టి చూడండి, ఎన్నిసార్లు బిగించినా మధ్యలో ఖాళీలే. ఫ్యాటీ యాసిడ్లలో కూడా ఈ రెండు రకాలున్నాయి. కార్బన్ల మధ్య అన్నీ ఒంటి బంధాలే ఉంటే గొలుసు సాఫీగా ఉంటుంది, అవి సంతృప్త యాసిడ్లు. ఎక్కడైనా రెండు కార్బన్ల మధ్య ద్విబంధం ఉంటే, మొక్కల నూనెల్లో అది ఉండే తీరు వల్ల, గొలుసు అక్కడ వంగుతుంది. అవి అసంతృప్త యాసిడ్లు.

పద్దెనిమిది కార్బన్ల స్టియరిక్ యాసిడ్‌లో వంపు లేదు. అది 69 డిగ్రీల దాకా గట్టిగానే ఉంటుంది. అదే పద్దెనిమిది కార్బన్లతో ఒక్క వంపు పెడితే ఓలియిక్ యాసిడ్, కరగడానికి 13 డిగ్రీలు చాలు. రెండు వంపులుంటే లినోలియిక్ యాసిడ్, సున్నాకు 5 డిగ్రీల కిందకు పోతే తప్ప గట్టిపడదు. పల్లీనూనెలో ఓలియిక్ ఎక్కువ, పొద్దుతిరుగుడు నూనెలో సాధారణంగా లినోలియిక్ ఎక్కువ. అందుకే అవి బెంగళూరు చలికి చలించవు.

కొబ్బరినూనె వింతగా ఉంటుంది. అందులో తొంభై శాతం దాకా సంతృప్త యాసిడ్లే, అన్నీ సరుగుడు బాదులే. ఆ లెక్కన రాయిలా ఉండాలి. కానీ బాదులు పొట్టివి. సగం దాకా లారిక్ యాసిడ్, దానికి పన్నెండు కార్బన్లే. పొట్టి బాదులు ఒకదాన్నొకటి పట్టుకునే మేర తక్కువ కాబట్టి మోపు తొందరగా విడిపోతుంది. ఫలితంగా కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. డిసెంబర్ రాత్రి బెంగళూరు 15, 16 డిగ్రీలకు దిగుతుంది. నెల్లూరులో ఆ నెలలో కూడా పగలంతా 24 దాటే ఉంటుంది. అమ్మ సీసాలో జరిగిందంతా ఈ రెండు అంకెల మధ్య ఉంది. నూనె మారలేదు, ఊరు మారింది.

నెయ్యి పూసకట్టడం కూడా ఇదే పద్ధతి. వెన్న కాచి దించాక నెమ్మదిగా చల్లారనిస్తే, ముందుగా గట్టిపడే ట్రైగ్లిజరైడ్లు తీరిగ్గా చేరి పెద్ద పలుకులు కడతాయి. మిగిలినవి వాటి చుట్టూ ద్రవంగా ఉండిపోతాయి. ఫ్రిజ్‌లో పెట్టి గబగబా చల్లారిస్తే అంత సమయం దొరకదు, అంతా సన్నగా ముద్దకడుతుంది. నెయ్యికి ఇంకో ప్రత్యేకత ఉంది, నాలుగు కార్బన్ల బ్యుటిరిక్ యాసిడ్. మనం రోజూ వాడే వంటనూనెల్లో అది ఉండదు. ఎస్టర్‌గా గ్లిసరాల్‌కు కట్టేసి ఉన్నంతసేపు దాని ఉనికి తెలియదు. బంధం తెగి బయటపడితే పాడైన వెన్న కంపు కొడుతుంది. నెయ్యి కల్తీ పరీక్షల్లో వినిపించే ఆర్ఎం విలువ ఈ చిన్న యాసిడ్లనే లెక్కపెడుతుంది. ఐదు గ్రాముల నెయ్యిని విడగొట్టి, ఆవిరితో పాటు ఎగిరి నీళ్లలో కరిగే యాసిడ్లను పట్టి, వాటిని తటస్థం చేయడానికి ఎన్ని మిల్లీలీటర్ల క్షారం పట్టిందో చూస్తారు. మంచి నెయ్యికి అది సుమారు 24 నుంచి 30 దాకా ఉంటుంది, కొబ్బరినూనెకు 6, 8 మధ్య, పామాయిల్‌కు ఒకటి కన్నా తక్కువ. పామాయిల్ కలిపేకొద్దీ అంకె పడిపోతుంది.

వంపులను తీసేసి నూనెను గట్టి చేయొచ్చు కూడా. నికెల్ పొడి సాయంతో ద్విబంధాలకు హైడ్రోజన్ ఎక్కిస్తే వనస్పతి వస్తుంది. 1902లో జర్మనీలో నార్మన్ అనే కెమిస్ట్ దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఇబ్బంది ఏమిటంటే, పని సగంలో ఆపినప్పుడు కొన్ని ద్విబంధాలు పోకుండా, వంపు మాత్రం సాఫై మిగిలిపోతాయి. అవే ట్రాన్స్ ఫ్యాట్లు. ఓలియిక్ 13 డిగ్రీలకు కరిగితే దాని ట్రాన్స్ రూపం 45 దాకా కరగదు. చెడు కొలెస్ట్రాల్‌ను పెంచి మంచిదాన్ని తగ్గిస్తాయని తేలాక వీటి మీద ఆంక్షలు వచ్చాయి. మన దేశంలో 2022 నుంచి నూనెల్లో, కొవ్వుల్లో 2 శాతానికి మించకూడదు.

ఆముదం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం అని దాన్ని చులకన చేశాం గానీ, కెమిస్ట్రీలో అది నిజంగానే మహావృక్షం. ఆముదంలో 85 శాతానికి పైగా ఉండే రిసినోలియిక్ యాసిడ్ గొలుసు మధ్యలో ఒక ఓహెచ్ వేలాడుతుంటుంది. అంటే ఒకే అణువులో ఎస్టర్ ఉంది, ఆల్కహాల్ కూడా ఉంది. ఆ ఓహెచ్‌లు ఒకదాన్నొకటి పట్టుకోవడం వల్లే ఆముదం అంత జిగటగా, బద్ధకంగా జారుతుంది. వంటింటి నూనెలేవీ స్పిరిట్‌లో సరిగా కలవవు, ఆముదం ఒక్కటే హాయిగా కలిసిపోతుంది.

వంతెన తెగితే

ఎస్టర్ వంతెన కట్టేటప్పుడు ఒక నీటి అణువు బయటికి పోయింది. నీటిని తిరిగి ఇస్తే వంతెన తెగుతుంది. మన పేగుల్లో లైపేజ్ అనే ఎంజైమ్ రోజూ చేసే పని అదే. ల్యాబ్‌లో యాసిడ్ సాయంతో చేస్తే కట్టడం, తెగడం రెండూ జరుగుతూ మధ్యలో ఎక్కడో ఆగిపోతుంది. సమాన పాళ్లలో ఇథనాల్, ఎసిటిక్ యాసిడ్ కలిపితే మూడింట రెండు వంతులు ఎస్టర్ అయ్యాక ఇక ముందుకు సాగదు. కాస్టిక్ సోడాతో చేస్తే అలా కాదు. తెగిన యాసిడ్‌ను క్షారం వెంటనే లవణంగా మార్చేస్తుంది, ఆ లవణానికి మళ్లీ ఆల్కహాల్‌తో కలిసే శక్తి లేదు. దారి ఒకవైపే. ఆ లవణం పేరు సబ్బు.

నూనె, కాస్టిక్ సోడా కలిపితే సబ్బు, గ్లిసరాల్. వేల ఏళ్లుగా చేస్తున్న పని ఇది. కానీ లోపల జరిగేది ఏమిటో 19వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్‌లో షెవ్రల్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. కొవ్వు అంటే యాసిడ్లు, గ్లిసరాల్ కలిసిన పదార్థమని 1823లో తన పరిశోధనలన్నీ పుస్తకంగా వేశాడు. ఆయన 102 ఏళ్లు బతికాడు.

బెంగళూరు గ్రీన్ లైన్ మెట్రోలో శాండల్ సోప్ ఫ్యాక్టరీ అని ఒక స్టేషన్ ఉంది. ఎక్కేవాళ్లు దిగేవాళ్లు పేరు వింటారు గానీ దాని వెనక కథ చాలామందికి తెలియదు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి యూరప్‌కు చందనం చెక్క ఎగుమతి ఆగిపోయింది. మైసూరు సంస్థానంలో చెక్క గుట్టలుగా పేరుకుంది. అప్పటి దివాన్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య, మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయార్ చెక్క అమ్మడం బదులు నూనె తీయిద్దామనుకున్నారు. విశ్వేశ్వరయ్య ఇంటిపేరు మన ఆంధ్రలోని ఊరి పేరే. 1916లో మైసూరులో నూనె తీయడం మొదలైంది, కొద్దికాలానికే బెంగళూరులో సర్కారు సబ్బు ఫ్యాక్టరీ వచ్చింది. సబ్బు తయారీ నేర్చుకుని రమ్మని సోసలె గరళపురి శాస్త్రిని ఇంగ్లండ్ పంపారు. ఆయనకు సబ్బు శాస్త్రి అనే పేరు స్థిరపడిపోయింది. ఒక్క చందనం సబ్బు బిళ్లలో ఈ వ్యాసమంతా ఉంది. పరిమళం శాంటలాల్ అనే ఆల్కహాల్‌ది, ఒళ్లంతా ఒకప్పుడు ఎస్టర్‌గా ఉన్న కొవ్వుది.

ఈసారి ఏ సబ్బు రేపర్ అయినా తిప్పి చూడండి. సోడియం పామేట్ అని ఉంటే పామాయిల్‌ను సోడాతో తెంచారని అర్థం. సోడియం కోకోయేట్ అంటే కొబ్బరినూనె. టీఎఫ్ఎం అని ఉన్న శాతం ఆ బిళ్లలో ఫ్యాటీ యాసిడ్ ఎంతో చెబుతుంది. 76, ఆపైన ఉంటే మొదటి గ్రేడ్.

సబ్బు అణువుకు ఒక చివర నీటిని ఇష్టపడే లవణం, ఇంకో చివర నూనెను ఇష్టపడే పొడుగాటి తోక. తోకలన్నీ జిడ్డులో గుచ్చుకుంటాయి, తలలు నీటి వైపు తిరుగుతాయి, నీళ్లు లాగితే జిడ్డు చిన్న చిన్న ఉండలై కొట్టుకుపోతుంది. అయితే మా ఇంట్లో కావేరి నీళ్లు వచ్చిన రోజు వచ్చే నురగ, బోరు నీళ్ల రోజు రాదు. ఈ ఊళ్లో ఇల్లు అద్దెకు వెతికే తెలుగువాళ్లు ముందు అడిగే ప్రశ్న కావేరి కనెక్షన్ ఉందా అనేదే. బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి సోడియంను నెట్టేసి సబ్బు తలను పట్టుకుంటాయి. కాల్షియం సబ్బు నీళ్లలో కరగదు, తెల్లటి తెట్టులా బకెట్ అంచుకు అంటుకుంటుంది. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం అంతా అయిపోయాకే అసలు సబ్బు పని మొదలవుతుంది.

వంతెనను తెంచకుండా అటువైపు ఆల్కహాల్‌ను మార్చనూ వచ్చు. గ్లిసరాల్‌ను తప్పించి మూడు మిథనాళ్లను పెడితే మూడు చిన్న ఎస్టర్లు వస్తాయి, అదే బయోడీజిల్. 1900 పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజిన్ నేరుగా వేరుశనగ నూనెతో నడిచింది. కానీ ట్రైగ్లిజరైడ్ చిక్కదనం ఇంజిన్‌కు బరువు, పలచబడితేనే సుఖం. బెంగళూరు వీధుల్లో నీడనిచ్చే హొంగె చెట్టు, మన కానుగ చెట్టే, దాని గింజల నూనెతో ఇంజిన్లు నడిపే పని మీద ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్‌సీ) వాళ్లు చాలా ఏళ్లు శ్రమించారు.

ఇక అమ్మ ప్రశ్న. మైనం కలిపారా? గడ్డకట్టడం చూసి చెప్పలేం, ఆ సంగతి తేలిపోయింది. తేల్చేది వంతెన. కొబ్బరినూనెలో ఎస్టర్ వంతెన ఉంది, క్షారం దాన్ని తెంచుతుంది. కొవ్వొత్తి మైనంలో ఆక్సిజనే లేదు, తెంచడానికి ఏమీ లేదు. తేనెపట్టు మైనం మాత్రం వేరు, అది పొడుగాటి ఆల్కహాల్‌తో కట్టిన ఎస్టరే. చౌకగా కల్తీకి దొరికేది మాత్రం పెట్రోలియం నుంచి వచ్చే మైనం, తెల్లటి పారఫిన్ నూనె.

మర్నాడు ఒక చిన్న సీసాలో ఆ నూనె కాలేజీ ల్యాబ్‌కు తీసుకెళ్లాను. ఒక మిల్లీలీటరు నూనె, అందులో ఆల్కహాల్‌లో కరిగించిన కాస్టిక్ పొటాష్, అంటే కాస్టిక్ సోడా లాంటిదే ఇంకో క్షారం. నీళ్లలో కరిగించిన క్షారం నూనెతో తొందరగా కలవదు, ఆల్కహాల్ అయితే రెంటికీ చుట్టం, ఇద్దర్నీ ఒకచోటికి తెస్తుంది. ఇరవై నిమిషాలకు పైగా మరిగించాను. తర్వాత వేడిగా ఉండగానే నీళ్లు పోశాను. పారఫిన్ ఉంటే ఇక్కడ ద్రవం పాలలా తెల్లబడాలి, తెగకుండా మిగిలిన జిడ్డు నీటిలో కరగలేదు కాబట్టి. తెల్లబడలేదు. గాజు వెనక నా వేలి గీతలు కనిపించేంత తేటగా ఉంది. మూత పెట్టి ఊపితే పైదాకా నురగ వచ్చింది.

ఇంటికొచ్చి చెప్పాను. సీసాను అప్పటికే వేణ్నీళ్ల గిన్నెలో పెట్టి కరిగించుకుని అమ్మ తలకు రాసుకుంటోంది.

"మైనం లేదమ్మా."

"మరి తీసుకుపోయిన నూనె ఏమైంది?"

"సబ్బయింది."

"అట్టయితే ఆ గిన్నె నువ్వే తోముకో" అంది అమ్మ, చేతికంటిన నూనె జడకు రాస్తూ.